మావయ్య అడిగిన కాగితం

మొన్న మా కాలేజీలో ఒక విద్యార్థిని, ఆరు నెలలు విదేశంలో చదివి రావడానికి ఎంపికయ్యానంటూ సంతకం కోసం ఫారం తెచ్చింది. అక్కడ ఏ అంశం మీద పనిచేస్తారన్న గడిలో కొల్లేరు అని రాసి ఉంది. సంతకం పెట్టి పంపించాను గానీ, ఆ రోజు తర్వాతి క్లాసు చెప్పలేకపోయాను.

రెండువేల అయిదు, ఆరు ప్రాంతాల్లో నేనూ అలాగే వెళ్ళాను, ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ, నెదర్లాండ్స్‌లోని ఒక యూనివర్సిటీకి, ఒక్క సెమిస్టరు కోసం. నాన్న పోయాక మమ్మల్ని చూసుకున్నది కొల్లేటికోటలో చేపల చెరువున్న మా మేనమామ. నేను అక్కడ తన చెరువు గురించి చెబుతానని తెలిసి, ఆయన వారం రోజులు నన్ను పడవలో తిప్పి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడూ వేరుశనగ చెక్కా నింపి వెదురుకర్రలకు ఎలా కడతారో, చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి ఎలా లాక్కుతింటాయో, కోడిపెంట ఎప్పుడు వేస్తారో, చేపల పట్టుబడి అయ్యాక తూము ఎత్తి ఆ మురుగునీళ్ళు కొల్లేట్లోకి ఎలా వదిలేస్తారో, ఒక్కటీ దాచకుండా చూపించారు. పక్క చెరువుల వాళ్ళు పలకరిస్తే, "మా అమ్మడు మన చెరువుని దొరల దేశం తీసుకెళ్తోందండీ. మీ చేపలకి చెప్పకండి, ఏడుస్తాయి" అని నవ్వేవారు.

అవన్నీ రిపోర్టుగా రాశాను. సరస్సు ఎలా పాడైపోతోందో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. క్లాసులో చదివినప్పుడు ప్రొఫెసరు మెచ్చుకుని, ఇంత నిజాయితీగా చెప్పిన రైతు ఎవరని అడిగారు. తెలిసినాయన అన్నాను. మా మావయ్య అనలేదు. ఎందుకు అనలేదన్నదానికి తర్వాత చాలా కారణాలు చెప్పుకున్నాను, సిగ్గుపడ్డానన్నదే నిజం.

కార్డు మీద నంబరు గీకి ఫోను చేసుకోవడం నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆదివారాలు నేను ఏలూరు ఇంటికి చేసే వేళకి మావయ్య బస్సెక్కి వచ్చి కూర్చునేవారు. "మన చెరువు సంగతి చెప్పేవా అమ్మడూ? ఏవన్నారు?" బాగుందన్నారు మావయ్యా, అనేదాన్ని.

సెమిస్టరు చివర్లో, కొల్లేటిని కాపాడాలని ప్రభుత్వం వాళ్ళు సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేస్తున్నారన్న కబురు వచ్చింది. యంత్రాలు మా చెరువు వైపుకి ఇంకా రాలేదు. ఆ ఆదివారం ఆయన గొంతులో బెంగ లేదు, ఉపాయం దొరికిన హుషారు ఉంది. "నువ్వు రాసిన కాగితం ఒకటి పంపమ్మా. దాని మీద ఆ యూనివర్సిటీ ముద్ర ఉంటుంది గదా. ఇదిగోండి, మా చెరువు గురించి పై దేశంలో చదువుకుంటున్నారండీ అని ఆఫీసరు గారికి చూపిస్తాను. చదువుకున్నవారు గదా, ఆగుతారు."

ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆఫీసరుకి వచ్చు. నేను పంపితే, తన చెరువు కొట్టేయడానికి కావలసిన కారణాలన్నీ ఆయనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చేవారు. ఆ మాట చెప్పలేక, పరీక్షలయ్యేదాకా కాపీ ఇవ్వరని అబద్ధమాడాను. మరుసటి ఆదివారం మళ్ళీ అడిగారు. "ఇంకా ఇవ్వలేదా? పోన్లే, గట్టిగా అడక్కు, నీ మార్కులు తగ్గించేస్తారు."

ఆ తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. గట్టు తెగిందని అమ్మ చెప్పింది. యంత్రం వచ్చి నిలబడ్డాక కూడా, మా అమ్మాయి దగ్గర్నుంచి కాగితం రావాలండీ అంటూ ఆఫీసరుని రెండ్రోజులు గడువు అడిగారట.

నేను తిరిగి వచ్చిన రోజున ఏలూరు స్టేషన్లో నా పెట్టె అందుకుని, "బాగా చిక్కిపోయేవేంటమ్మా, తిండి పెట్టలేదా వాళ్ళు?" అన్నారు. కాగితం సంగతి ఆ రోజే కాదు, పోయేదాకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది.

కొల్లేట్లో కొన్ని చెరువులు మళ్ళీ లేచాయి. మాది లేవలేదు. అక్కడిప్పుడు తుంగ పెరిగి, పక్షులు వాలుతున్నాయి. ఏటా విద్యార్థుల్ని తీసుకెళ్ళి, సరస్సు తేరుకున్న చోటు ఇదని చూపిస్తాను. అది నిజమే. నా రిపోర్టులోనూ అబద్ధం లేదు. ఇప్పటి పిల్లలు ఏ దేశంలో ఏం రాసినా సాయంత్రానికి ఇంట్లో వాళ్ళు ఫోన్లో చూసేస్తున్నారు. మా రోజుల్లో దాచుకోవడానికి చాలినంత దూరం ఉండేది, దాన్ని నేను బాగానే వాడుకున్నాను. ఆ రిపోర్టు నాలుగు పేజీలూ తెలుగులో చదివి వినిపిస్తే మావయ్య తట్టుకోలేరనుకున్నాను. కోప్పడేవారో, ఉన్నమాటే రాశావు కదమ్మా అనేవారో, నాకు తెలియదు.