పిన్ని రాయి, బాబాయి గోళీలు

మా బాబాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మనిషి మంచివాడే గానీ, బాగా నడుస్తున్న వస్తువు కనిపించినా ఆయన చేతులు ఊరుకోవు. మా ఇంటి కాలింగ్ బెల్ ఆయన చెయ్యి పడ్డ రోజు నుంచి మోగడం మానేసింది. అడిగితే, "ఇంతకుముందు మరీ గట్టిగా మోగేదిరా" అన్నాడు తప్ప తప్పు ఒప్పుకోలేదు.

అలాంటి మనిషికి యాభై దాటాక ఆర్కిడ్ల పిచ్చి పట్టుకుంది. అందులోనూ కొండరాళ్ళని పట్టుకుని బతికే రకాలే కావాలి. వాటిని మట్టి అన్నది లేకుండా, కాల్చిన బంకమట్టి గోళీల్లో పెంచేవాడు. ప్లాస్టిక్ డబ్బాకి కాస్త కిందుగా ఒక చిల్లు, ఆ చిల్లు దాకా నీళ్ళు, డబ్బా నిండా గోళీలు. అడుగున ఉన్న నీటిని గోళీలే పీల్చి పైకి అందిస్తాయి, మధ్య సందుల్లోంచి వేళ్ళకి గాలి ఆడుతుంది. చూస్తూండగానే బాల్కనీ అంతా డబ్బాలైపోయింది. "ఇక బట్టలు మీ నెత్తిన ఆరేస్తాను" అని పిన్ని దెబ్బలాడేది. బాబాయి నవ్వేసి ఇంకో డబ్బా తెచ్చేవాడు.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెప్పే పాఠం ఒకటే. "కొత్త వేరు మొలిచేటప్పుడే మొక్కని గోళీల్లోకి మార్చాలి. పాత వేళ్ళు గాలికి అలవాటు పడి ఉంటాయి, తడిలో పెడితే కుళ్ళిపోతాయి. కొత్త వేరు మాత్రం ఎక్కడ పుడితే అక్కడ సర్దుకుంటుంది." వినీ వినీ మాకందరికీ అది కంఠతా వచ్చేసింది.

ఆ బాల్కనీలో ఒక మూల మాత్రం పిన్నిది. అక్కడ పీటంత రాతిపలక, దాని మీద ఒకే ఒక్క ఆర్కిడ్. పిన్ని వాళ్ళ నాన్న రాళ్ళ క్వారీలో పనిచేసేవాడట. పేల్చబోయే బండ మీద ఈ మొక్క కనబడితే, బండని చుట్టూ కోసి, పలకతో సహా ఇంటికి మోసుకొచ్చాడట. ఆయన పోయాక అన్నదమ్ములు ఏం పంచుకున్నారో పిన్ని పట్టించుకోలేదు. ఆ పలక మాత్రం ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. పొద్దున్నే దాని మీద కాసిని నీళ్ళు చిలకరించేది, అంతే. ఏడాదికోసారి అది ఒక్క కాడ వేసి పసుపు పూలు పూసేది. అవి పూసినన్నాళ్ళూ పిన్ని ముఖం చూడాలి.

బాబాయికి ఆ ఒక్క కాడ నచ్చేది కాదు. "నా గోళీల్లో అయితే గుత్తులు గుత్తులు పూస్తుందే" అనేవాడు. "మీ డబ్బాలు మీరు చూసుకోండి, నా రాయి జోలికి రాకండి" అనేది పిన్ని.

ఒకసారి పిన్ని వాళ్ళ పెద్దక్క మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి పిన్ని వెళ్ళక తప్పలేదు. గుమ్మం దాటుతూ కూడా రాయి జోలికి వెళ్ళొద్దనే చెప్పింది. ఆమె అటు వెళ్ళిందో లేదో బాబాయి బుర్రని పురుగు తొలవడం మొదలుపెట్టింది. తిరిగొచ్చేసరికి గుత్తులు గుత్తులుగా పూయించి చూపించాలి. ఇందులో దుర్బుద్ధి ఏమీ లేదు, అదే నా ఏడుపు. కొత్త వేరు జాడ ఎక్కడా లేదని ఆయనకి తెలుసు. ఊరందరికీ చెప్పే పాఠం తనకి తాను చెప్పుకోలేదు. వేరు మొలిచేదాకా ఆగితే పిన్ని వచ్చేస్తుంది కదా!

నేను వెళ్ళేసరికి మొక్క డబ్బాలో ఉంది. రాయికి కరుచుకుపోయిన వేళ్ళని చాకుతో లేపాడట. సగం వేళ్ళు పలక మీదే ఉండిపోయాయి.

"ఇదేం పని బాబాయ్?" అన్నాను.

"పువ్వులు చూశాక మీ పిన్నే మెచ్చుకుంటుంది చూడు."

మిగిలిన పాత వేళ్ళు ఆ తడికి కుళ్ళాయి. ఆకులు ముడతలు పడ్డాయి. పిన్ని రోజూ ఫోన్ చేసి వాళ్ళక్క సంగతి చెప్పాక, "నా మొక్క ఎలా ఉంది?" అని అడిగేది. "బ్రహ్మాండంగా ఉంది" అనేవాడు. నిజం చెప్పెయ్యమని నేను పోరాను. "వచ్చేలోగా కోలుకుంటుందిలేరా" అని మాట దాటేశాడు. కోలుకోలేదు. ఆకుల మొదట్లో ఉండే దుంపలు కూడా మెత్తబడి, పట్టుకుంటే చేతిలోకి వచ్చేశాయి.

పిన్ని వచ్చి, చెప్పులైనా విప్పకుండా బాల్కనీలోకి వెళ్ళింది. ఖాళీ పలక ముందు కూర్చుండిపోయింది. నేనే ఉన్నదున్నట్టు చెప్పాను.

"మా నాన్న రాయిని కోశాడు గానీ మొక్కని ముట్టుకోలేదు" అంది. బాబాయి వైపు తిరిగింది. "చిన్నప్పుడోసారి ఇది ఊడి పడింది. తడి తగలకుండా నీడలో ఆరబెట్టి, మళ్ళీ వేరు కనిపించాక రాయికి కట్టాడు నాన్న. బతికింది. ఫోన్లో ఒక్క మాట చెబితే నేనూ అదే చెయ్యమనేదాన్ని. రోజూ అడిగాను కదండీ."

బాబాయి గోళీల డబ్బాలన్నీ తెలిసినవాళ్ళకి ఇచ్చేశాడు. ఇప్పుడు అడగకుండా ఏ పనీ చెయ్యడు. బల్బు మార్చనా, కుర్చీ ఇటు జరపనా, కిటికీ తెరవనా అని ప్రతిదానికీ పిన్నిని అడుగుతాడు. ఒకప్పుడు అయినదానికీ కానిదానికీ ఆయనతో దెబ్బలాడిన మనిషి, ఇప్పుడు దేనికైనా ఒకటే జవాబు చెబుతోంది: "మీ ఇష్టం."

మొన్న వెళ్ళినప్పుడు బాబాయి నాతో, "ఒక్కసారి నోరారా తిడితే బాగుండురా" అన్నాడు. పిన్ని పక్కగదిలోనే బట్టలు మడతపెడుతోంది. వినే ఉంటుంది.