మొక్కల సారు కొట్టిన గూటాలు

ఇది రాయొద్దనే అనుకున్నాను. మొక్కల సారు పోయాడని ఆయన ఊరు వైరా నుంచి ఫోన్ వచ్చినప్పుడు కూడా, నిజమేనా, నా నోటి నుంచి ఏదైనా రాబట్టడానికి ఎవరైనా చేస్తున్నారా అని ఇంకో ఇద్దరిని అడిగాను. నా బుద్ధి అలాంటిది. ఆ సంగతి సారుకు నాకంటే బాగా తెలుసు.

భద్రాచలం అడవి అంచున, గుట్ట వాలులో మాకు కొంత పట్టా చెలక ఉంది. వాన పడితే మట్టి కిందికి పోతుంది, రాళ్లు మాకు మిగులుతాయి. అలాంటి భూముల్లో చెట్లు పెంచుకునే రైతులకు మొక్కలిచ్చి, దగ్గరుండి నాటించడం సారు ఉద్యోగం. మొదటిరోజే అడిగాను.

"చెట్లు పెరిగినంక ఫారెస్టోళ్లొచ్చి ఇది మా అడివే అంటే, నా గతేంది సారూ?"

ఆయన నవ్వలేదు. "అడివి వరసల్ల మొలువదు పెద్దయ్యా. తాడు పట్టు."

ఈ కొస నుంచి ఆ కొసకు తాడు లాగి, అడుగులు లెక్కబెట్టి, మొక్క మొక్కకూ గుర్తుగా కర్ర గూటాలు కొట్టాడు. నాకది సర్వేలాగే కనిపించింది. ఆయన బండి మలుపు తిరగగానే అన్నీ పీకి పొయ్యిలో పెట్టాను. మరుసటి వారం వచ్చి, ఒక్కమాట అడగకుండా మళ్లీ కొట్టాడు. మళ్లీ పీకాను. మూడోసారి సంచెడు గూటాలు తెచ్చి, సగం నా ముందు పోశాడు.

"ఇవి పొయ్యిలకు. కడమయి భూమిలకు."

అప్పుడు తాడు పట్టాను. నమ్మి కాదు, సిగ్గుతో.

ఇంకో ముచ్చట. ఆయన మా ఇంట్లో ఏనాడూ చాయ్ తాగలేదు. మందు పెడతామనుకుంటున్నాడేమోనని ఏడాదిపాటు ఆయన్ను అనుమానించాను. షుగర్ ఉందని మా ఇంటిదానికి ఎప్పుడో చెప్పాడట. ఆమె నాకెందుకు చెప్పలేదో అదీ ఆలోచించాల్సిందే.

టేకు, ఇప్ప, నేరేడు మనిషెత్తు దాటాక, కొత్తగా వచ్చిన ఫారెస్టు ఆఫీసరొకాయన గట్టు మీద నిలబడి, ఇది అడవి భూమిలా ఉందే అన్నాడు. పట్టా పుస్తకం ఇంట్లో ఉంది. ఆయన్ను వరస మొదట్లోకి తీసుకుపోయి, ఒక కన్ను మూసి చూడమన్నాను. చూశాడు. ముందున్న చెట్టు వెనక మిగతావన్నీ దాక్కున్నాయి. నాటినవేనని ఒప్పుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం సారుకు ఫోన్ చేశాను. కృతజ్ఞత చెప్పాల్సిన చోట, "ఇదంతా నాకెందుకు చేసిండ్రు సారూ?" అనే అడిగాను.

"గూటాలేమన్న మిగిలినయా పెద్దయ్యా?" అన్నాడు.

మిగిలాయి. తాడు కూడా మా ఇంట్లోనే ఉండిపోయింది. మొన్న ఆయన కర్మల పెద్దదినం అయిన మర్నాడు, పైన ఖాళీగా ఉన్న అర ఎకరంలో, పక్క చెలక గట్టు దాకా ఆ తాడు లాగి గూటాలు కొట్టాను. తెల్లారి పోయి చూస్తే ఒక్కటీ లేదు. పక్క చెలకాయన పొయ్యి మండుతోంది.

ఇంటికొచ్చి ఇంకో సంచెడు చెక్కి, మళ్లీ కొట్టాను.