కుంట వైపు వినిపించిన అడుగులు

మా చిన్నప్పుడు ఒక నవంబర్ పొద్దున లేచేసరికి కిటికీ నిండా తెలుపు... డెబ్భైల చివర్లో సంగతి. పెన్సిల్వేనియాలో ఊరి చివర కొన్న ఇంట్లో మాకది మొదటి చలికాలం.

రోడ్డు నుంచి ఇంటి దాకా పొడుగాటి కంకర దారి. దాన్ని ఆనుకునే ఒక కుంట. మధ్యలో కంచె లేదు... మంచు పడితే దారీ కుంటా ఒకటే తెలుపు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. పొగమంచు రోజుల్లో నన్ను స్కూల్ బస్సు దాకా నడిపిస్తూ ఒక మాట నేర్పింది. "కాలికింద కంకర కరకరమంటుంటే దారి మీదున్నట్టు. చప్పుడు ఆగిందా, నువ్వూ ఆగిపో."

ఆ పొద్దున డ్యూటీకి వెళ్తూ నాన్నతో అంది.

"ఏవండీ, నేల ఇంకా గడ్డకట్టలేదు. దారి మీద మంచు ఇప్పుడే గీకొద్దంట. మొదటి మంచుని బాగా తొక్కి వదిలేస్తే రాళ్ళ మీద గట్టి పొరలా పట్టేస్తదంట. ఆ తర్వాత పడిందాన్ని పైపైన తీసుకోవాలంట. మా వార్డులో అందరూ అదే చెప్తున్నారు."

"మీ వార్డులో వాళ్ళు రోడ్లు కూడా వేస్తారా?" నాన్న నవ్వారు. "సాయంత్రం నువ్వొచ్చేసరికి కారు మెట్ల దాకా వచ్చుద్ది చూడు."

నాన్న ఇంజినీరు. ముందు మంచు తోసే బ్లేడున్న పాత ట్రాక్టర్ ఒకటి కొత్తగా కొన్నారు. దాన్ని ఎప్పుడెప్పుడు నడుపుదామా అని ఆత్రం.

బ్లేడుని నేలకి ఆనించి తోశారు. మంచు వచ్చింది... దాంతో పాటు కంకరా వచ్చింది. కింద నేల మెత్తగా ఉందిగా, రాళ్ళు నానిన పప్పుబద్దల్లా ఊడొచ్చేశాయి. అన్నీ వెళ్ళి కుంట ఒడ్డున వరసగా పోగుపడ్డాయి.

"నాన్నా, రాళ్ళన్నీ అటెళ్ళిపోతున్నాయ్!"

"ఎండలొచ్చాక ఎత్తి పోద్దాంలేరా."

మధ్యాహ్నానికి దారంతా బురద. ఆ తర్వాత మళ్ళీ మంచు మొదలైంది. గాలి లేదు... నిలువుగా, దట్టంగా కురిసి, బురదనీ కంకర పోగునీ కుంటనీ కప్పేసింది.

సాయంత్రం వెలుగు తగ్గుతుండగా రోడ్డు మీద కారు తలుపు పడిన చప్పుడు. అమ్మని దించి, ఆమె స్నేహితురాలి కారు వెళ్ళిపోయింది. నాన్న అమ్మకోసం టీ పెట్టారు. టీ మరిగింది... గిన్నెలోనే చల్లారింది. అమ్మ రాలేదు.

నాన్న తలుపు తీశారు. నేనూ వెనకాలే మెట్ల మీదికి వచ్చాను. మంచు పడుతుంటే లోకం చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది చూడండి... అట్లా ఉంది.

అప్పుడు వినిపించింది. కర... కర... కర...

కంకర మీద అడుగులు. నిదానంగా.

"అమ్మ!" అన్నాను సంతోషంగా. నాన్న మొహం చూసి ఆగిపోయాను. చప్పుడు దారి మీద నుంచి కాదు, కుంట వైపు నుంచి వస్తోంది. కంకరంతా ఇప్పుడు అటే ఉంది. అమ్మ కంకర చప్పుడు నమ్ముకుని నడిచే మనిషి. నేలే గడ్డకట్టని రోజుల్లో కుంట మీద పల్చటి మంచుగడ్డ కాలు మోపితే ఆగదు, విరిగిపోతుంది.

"సుగుణా! ఆగు! అడుగెయ్యకు!"

చప్పుడు ఆగింది.

"సుగుణా, పలుకు!"

పలకలేదు. కాసేపటికి మళ్ళీ... కర... కర... ఇంకొంచెం దూరంగా. ఇంకొంచెం కిందికి.

"నువ్వు మెట్టు దిగావంటే చూడు" అని నాతో అని నాన్న అటు పరుగెత్తారు. ఆయన వీపు సగం కనిపించింది... తర్వాత అదీ లేదు. ఇప్పుడు కంకర మీద రెండు చప్పుళ్ళు. ఒకటి గబగబా... ఒకటి నిదానంగా, ముందు ముందుకి.

"ఏవండీ! ఎక్కడికండీ ఆ పరుగు? అటు కుంట!"

అమ్మ గొంతు! కుంట వైపు నుంచి కాదు... నాకు రెండో పక్క నుంచి, దారి మీద నుంచి.

గబగబా చప్పుడు ఆగిపోయింది. రెండోది ఆగలేదు. ఇంకొక్కసారి... కర. అంతే.

తెల్లటి తెరలోంచి అమ్మ బయటికొచ్చింది. పిక్కల దాకా బురద, చేతిలో ఒక బూటు.

"కారు దిగి అడుగేస్తే రాయి తగల్లేదురా, బురద తగిలింది. ఇది మీ నాన్న ఘనకార్యమే అనుకుని బురద వెంటే వచ్చా. అడుగడుక్కీ బూటు ఊడొస్తుంటే ఇంతసేపయింది. ఈ మంచులో దగ్గరికొచ్చేదాకా మీ కేకలే వినపళ్ళేదు."

నాన్న తన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి వచ్చారు. మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నారు. అమ్మ భుజం పట్టుకుని చూశారు.

"అటు నడిచింది నువ్వు కాదా?"

"ఇటున్నదాన్ని అటెట్టా నడుస్తానండీ?"

ముగ్గురం నిలబడి విన్నాం. ఏమీ లేదు.

తడి మంచు కుంగి ఒడ్డు మీద రాళ్ళు ఒక్కొక్కటే జారి ఉంటాయి, మన అరుపుల్లో మనకి వినపడక ఆగినట్టు అనిపించి ఉంటుంది అన్నారు నాన్న, పొడిబట్టలు కట్టుకున్నాక. సరేనన్నాం. కానీ అటువైపు కిటికీకి పరదా వేసింది ఆయనే.

ఆ సాయంత్రం ప్రార్థనలో అమ్మ మా ఇద్దరి పేర్లూ చెప్పి వందనాలు చెప్పింది. ఆమెన్ అనబోయి ఆగింది. "బయట ఇంకెవరన్నా ఉంటే, వాళ్ళని కూడా ఇల్లు చేర్చు ప్రభువా..."

నాన్న ఆ పరదా వైపు చూసి ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి మంచు పడగానే ముగ్గురం చేతులు పట్టుకుని ఆ దారంతా తొక్కేవాళ్ళం. బ్లేడు కింద నాన్న ఇనప కాళ్ళు బిగించారు... నేలకి రెండు వేళ్ళ ఎత్తున ఆగేట్టు. రాయి కదిలేది కాదు.

నేను చదువు మధ్యలో వదిలేసి, ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉండక, మంచు తోసే ట్రక్కులు నడిపాను. కంకర దారి కనిపిస్తే బ్లేడు ఎత్తి, ఇంజన్ ఆపి, ఒకసారి వినేవాణ్ణి. ఇప్పుడన్నీ తారు దారులే... ఇంటికొచ్చే మనిషి ఎక్కడున్నారో ఫోన్‌లో మ్యాపు మీది చుక్క చెప్పేస్తుంది. తలుపు తీసి చెవి ఒగ్గి నిలబడే పని ఎవరికీ లేదు.

మీ ఇంట్లో చూడకుండానే అడుగుల చప్పుడుతో ఎవర్ని గుర్తుపట్టేవాళ్ళు? ఎప్పుడైనా పొరబడ్డారా...? చెప్పండి, వింటాను.