రెండు టోకెన్లకు ఒకే ఊపిరి

మిల్లులో ఊపిరి పరీక్ష పెట్టాలని మూడు రోజులు గేటు ముందు కూర్చున్నది మేమే. తీరా పెడుతున్నామని నోటీసు అంటించగానే గుండె జారిపోయిందీ మాకే. ఇదెక్కడి విడ్డూరం అంటారేమో. మా ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసినవాళ్ళు అనరు. వెనక ఒకసారి డాక్టరు వచ్చి ఇద్దరు ఆడవాళ్ళ ఛాతీల్లో మచ్చలున్నాయని రాసిపోయాడు. అప్పటి మేస్త్రీ "కొన్నాళ్ళు ఇంటికాడ రెస్టు తీసుకోండమ్మా" అని ఎంత ముద్దుగా చెప్పాడో! వాళ్ళు తిరిగొచ్చేసరికి వాళ్ళ చోట్లలో వేరేవాళ్ళు నిలబడి ఉన్నారు. ఈసారి కొత్త రూలు రాతలో ఉంది. ఊపిరి తక్కువున్న మనిషిని గాలి తగిలే పనికి మార్చాలి, కూలి తగ్గించకూడదు. ఆ రూలు కోసమే మేం ఎండలో కూర్చున్నది. అయినా నమ్మామా? మా మొహం!

నా భయం నా గురించి కాదు, మా చిన్నమ్మ గురించి. అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఎమ్మిగనూరులో వాళ్ళ మగ్గం ఆగిపోయాక ఆదోని వచ్చి ఈ మిల్లులో చేరింది. ఏళ్ళ తరబడి రోలర్ల హాల్లో, పత్తి నుంచి గింజ వేరయ్యే చోట, చేసింది. ఆ హాల్లో ఎదుటి మనిషి మొహం కనపడదు, అంత దుమ్ము. రెండేళ్ళ కిందట అక్కడే సొమ్మసిల్లి పడిపోతే బయట షెడ్డుకు మార్చారు. షెడ్డుకు ఒక పక్క గోడ లేదు. అక్కడే ఇద్దరం పత్తిలో చెత్త ఏరేవాళ్ళం. అయినా ఆదివారం సెలవు గడిచి సోమవారం పనిలోకి దిగితే చాలు, ఆమెకు ఛాతీ పట్టేసేది. బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని "దుమ్ము దిగిపోతాదిలే" అనేది. దిగితే కదా! పరీక్ష పెట్టింది కూడా సోమవారమే.

"నేను ఊదలేనమ్మీ. నా దమ్ము సూస్తే నన్ను తీసేస్తారు. మీ చిన్నాయన మంచంలో ఉండాడు, ఎట్ల బతకల్ల?" అంది, ఆటో దిగుతూనే.

"నీ టోకెను ఇట్ల తా. రెండుతూర్లు నేనే ఊదుతా," అన్నాను. నా ఊపిరంటే నాకు అంత పొగరు.

పరీక్షకు పేరు కాదు, మిల్లు ఇచ్చిన టోకెను నంబరే రాసుకుంటారు. పొద్దున నా టోకెనుతో ఒక బల్ల దగ్గర ఊదాను. అన్నాల వేళ దాటాక రవికె మీద చిన్నమ్మ పాత చొక్కా తొడుక్కుని రెండో బల్ల దగ్గరికి పోయాను. నర్సు వయసు అడిగింది. యాభై రెండు అన్నాను. ఆమె తలెత్తి నా మొహం చూసింది. నాకు ముప్పై ఒకటి. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. కానీ జుట్టు నిండా దూది. దూది పట్టిన తలకు వయసు తెలియదు. గొట్టం చేతికిచ్చి "ఊదు, ఇంకా, ఇంకా" అంది. ఎంత భయమున్నా ఊపిరి మాత్రం తగ్గలేదు. మూడుసార్లు ఊదాను.

పని విడిచే వేళకు అందరినీ షెడ్డులో నిలబెట్టారు. డాక్టరమ్మ రోలర్ల హాల్లోని నలుగురి టోకెన్లు చదివింది. రేపటి నుంచి బయటి పని, కూలి అదే అని చెప్పి, మా కళ్ళముందే మేనేజరుతో సంతకం పెట్టించింది. ఆ నలుగురూ ఏడ్చేశారు. అంటే నిజంగానే మారుస్తారా! చిన్నమ్మ వైపు చూస్తే ఆమె నేల చూస్తోంది.

అప్పుడు మేస్త్రీ కాగితాలు అందుకున్నాడు. ఈ మేస్త్రీ కొత్తవాడు, చిన్నమ్మ సొమ్మసిల్లి పడిన సంగతి తెలియదు. "నాలుగు రోలర్లు ఖాళీ అయినాయి. దమ్ముండేటోళ్ళు కావల్ల," అంటూ వెతికి, చిన్నమ్మ టోకెను దగ్గర ఆగాడు. "యాభై రెండేండ్లకు ఇంత ఊపిరా! రోలర్ల పని చేసినట్టు కూడా ఈడ రాసుండాది. నువ్వు రేపు రోలర్ల కాడికి రా అక్కా."

చిన్నమ్మ సరేనని తలూపింది! పోతే రెండు నెలలు బతకదు. తెలిసి కూడా తలూపింది.

"ఆ ఊపిరి నాది!" అని అరిచాను.

"లేదు సార్, నేనే ఊదినా. దానికి పిచ్చి," అంది చిన్నమ్మ. అంత కోపంగా నన్ను ఎన్నడూ చూడలేదు.

మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఉరుకుంద ఈరన్న మీద ఒట్టేసి సెప్పక్కా. నువ్వే ఊదినావా?"

ప్రతి శ్రావణం ఉరుకుంద పోయే మనిషి. ఒట్టుకు చేయెత్తి, దించేసింది. దేవుడి మీద అబద్ధం ఆడలేకపోయింది. డాక్టరమ్మ గొట్టం తెచ్చి చేతికిచ్చింది. చిన్నమ్మ మొదటిసారి ఊదితే దగ్గొచ్చింది. రెండోసారి మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోసారి ఊదబోతే "చాలమ్మా, చాలు" అని డాక్టరమ్మే గొట్టం లాక్కుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పాత కాగితం చింపేసి కొత్తది రాశారు. చిన్నమ్మ షెడ్డులోనే ఉంటుంది.

"మరి ఈ ఊపిరి నీదే కదా," అన్నాడు మేస్త్రీ నాతో. "రోలర్ల కాడికి నువ్వు రా."

ఆటో ఎక్కాక చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నువ్వు పనిలో చేరిన నాడే పాత మేస్త్రీ నిన్ను ఆ హాల్లో పెడ్తానన్యాడు. పిల్ల వద్దు, దాని వంతు కూడా నేనే నిలబడ్తానంటి. ఎనిమిదేండ్లు నిలబడితినే అమ్మీ. ఇంకో రెండేండ్లు నిలబడనీకపోతివి."

"ఒక్కనాడన్నా సెప్పినావా?" అని అరిచాను. ఆటోలో అందరూ తిరిగి చూశారు. ఆమె నా చేయి పట్టుకుని ఇల్లు వచ్చేదాకా వదల్లేదు. మరునాడు ఆమె షెడ్డులో గాలి తగిలే పక్కన కూర్చుంది. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని హాల్లోకి పోయాను.