రిజిస్టర్ల లేని ఖానా

తొంభైలకు ముందు కొన్నేండ్లు నేను కరీంనగర్ల ఒక శిక్షణ కేంద్రంల పనిచేసిన. కిరాయి ఇల్లు, మూడు అర్రలు. వయసొచ్చినా బుద్ధి ఎదుగుదల నెమ్మదిగున్నోళ్లకు కవర్లు అంటిచ్చుడు, కాయితాలు మడుసుడు, కొవ్వొత్తులు పోసుడు నేర్పేటోళ్లం. నేర్చినంక ఊర్లె ఏదన్న దుకాణంలనో హోటల్లనో పనికి పెట్టిచ్చేటోళ్లం.

నెలనెలా పై ఆఫీసుకు పంపే రిజిస్టరు కాయితంల ఒక్కటే ఖానా, ఒక్కటే గడి: ఎంతమందిని పనికి పెట్టిండ్రు. వాళ్లల్ల ఎందరు నిలిచిండ్రని ఎవ్వలు అడగకపోయేది. చానమంది నెల తిరగకముందే మల్ల ఇంటికాడ కూసునేటోళ్లు. మా పెద్దసారు మంచి మనిషే. కని, "వాళ్లతోని కాదమ్మా, మనం చేసేది మనం చేసినం" అంటుండె.

నాకది మనసున పట్టలే. ఒక నోటుబుక్కు తెచ్చి నేనే గీతలు కొట్టిన. ఏ పని, పని చూపెట్టేది ఎవరు, ఎట్ల పోయొస్తరు, ఎన్నడు మానేసిండ్రు, అంతకుముందు ఏమైంది. ఆ ఆఖరి ఖానా కోసం ఆదివారాలు ఇండ్లపొంటి తిరిగిన.

నోటుబుక్కులు కుట్టే బైండింగ్ దుకాణంల పెట్టిన ఒకామె ఉండె. ఇరవైరెండేండ్లుంటయి. నాలుగు వారాలు పోయి మానేసింది. వాళ్లింటికి పోతే వాళ్లవ్వ బీడీలు చేసుకుంట, "దానికి పని రాకపాయె టీచరమ్మా" అన్నది.

నేను ఆ పిల్లనే అడిగిన. "అక్క రాలే" అన్నది.

మెల్లగ అడుగంగ అడుగంగ తెలిసింది. పక్కన కూసోని పని చూపెట్టే ఆమె కాన్పుకు తల్లిగారింటికి పోయింది. "యాడ కూసోవాల్నో ఎవ్వలు చెప్పలే" అన్నది. మూడు రోజులు గేటుకాడ నిలబడే అన్నం తిన్నదట. నాలుగో రోజు పోలే.

కొన్ని నెలలకు పేజీలన్ని చాప మీద పరిసి చూసిన. మాటలు వేరు, ముచ్చట ఒకటే. పని రాక మానేసినోళ్లు తక్కువ. పలుకరిచ్చే మనిషి లేక మానేసినోళ్లే ఎక్కువ. పెద్దసారు అద్దాలు పెట్టుకోని ఒక్కొక్క పేజీ సదివిండు. "ఇన్నేండ్లు వాళ్లనే తప్పువట్టిన" అని మెల్లగ అన్నడు. తెల్లారి మా పద్ధతి మార్సినం. ఎక్కడ పెట్టినా పని చూపెట్టేటందుకు ఒక్కరు గాదు, ఇద్దరుండాలె. మొదటి రెండు వారాలు మా కేంద్రంల పనిచేసేటోళ్లు ఒకరు ఎంబడి కూసోవాలె.

ఆ పిల్లను మల్ల పెట్టుకునేటందుకు బైండింగ్ దుకాణపాయన ముందుగాల ఒప్పుకోలే. "నాది బడి గాదు మేడం" అన్నడు.

"బడి నేను నడుపుత. జర జాగ చూపెట్టుండ్రి సాలు" అన్న.

ఆమె పక్కన కూసోని నేనూ కాయితాలు మడిసిన. నా మడతలు వంకర పోతుంటే ఆమె ఏమనకుంట గుంజుకోని సక్కగ జేసి పెట్టేది. అది చూసి దుకాణంల పనిచేసే తతిమ్మ ఆడోళ్లు నవ్విండ్రు, ఆమె గూడ నవ్వింది. వారం తిరిగేసరికి అన్నం గిన్నెలు అందరియి ఒక్కకాడనే ఇప్పుతుండ్రి.

అందరికి ఇట్ల కుదిరిందని చెప్పను. ఒకాయన హోటల్ చప్పుడుకు చెవులు మూసుకోని ఉరికొచ్చిండు. అది గూడ రాసుకోని, ఆయనను మొక్కలు పెంచేకాడ పెట్టినం. అక్కడ నిలిచిండు.

ఏడాది దాటినంక ఒకనాడు దుకాణం దిక్కు పోతే ఆమె జాగ ఖాళీగ ఉన్నది. మల్ల మానేసిందా అని అడిగిన.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం" అన్నడు దుకాణపాయన. "ఆడోళ్లు నలుగురు కలిసి వేములవాడ గుడికి పోయిండ్రు. ఆమె నన్ను ముందే సెలవడిగింది. నేను వొద్దన్నా ఊకుంటదా?"

నోటుబుక్కు తీసి ఆ రోజుకు 'రాలే' అని రాసిన. ఆఖరి ఖానాల, 'తోటోళ్లతోటి గుడికి పోయింది' అని రాసి, సంబురంగ బస్టాండు దిక్కు నడిసిన.