జానెడు మడత

జగిత్యాల బస్టాండులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల. రోడ్డు మీద తారు మెత్తబడి బూటు అడుగుకు అంటుకుంటోంది. నా వెంట నల్ల ట్రంకు పెట్టె, దాని మూత మీద తెల్లరంగుతో నా నంబరు, ఒక పరుపుచుట్ట, బకెట్టు, బకెట్టులో కిరసనాయిలు స్టవ్వు. సాయుధ పోలీసు బెటాలియన్ నుంచి ఆ వైపు పంపిన కొద్దిమందిలో నేనొకణ్ని. తొంభైల మొదటి సంవత్సరాలు. తుపాకులు పట్టుకుని గుట్టల్లో ఉన్నవాళ్ళను ఊళ్ళలో అన్నలు అనేవారు. మేమూ అలాగే అనేవాళ్ళం.

లారీ మమ్మల్ని కోరుట్ల అవతలి క్యాంపులో దింపింది. అది పాత పత్తి గోదాము. కిటికీలు ఇటుకలతో మూసేశారు. చుట్టూ ముళ్ళతీగ, నాలుగు మూలల్లో ఇసుక బస్తాల మోర్చాలు. తీగకు ఖాళీ డబ్బాలు కట్టారు. గాలి వీస్తే చాలు, అవి టకటకమనేవి. మొదటి వారం ఆ చప్పుడుకు తుపాకీ అందుకునేవాణ్ని. తరువాత అది వినపడటం మానేసింది.

గేటు దగ్గర జమేదార్ నిలబడి ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్‌ను ఆ వైపు అలా పిలిచేవారు. యాభైకి దగ్గరి మనిషి. సన్నగా, వంగని వెన్నుతో ఉన్నాడు. నా కాగితం చూశాడు, ట్రంకు చూశాడు.

"ఏంది పాలమూరు, పెండ్లికొచ్చినవా? సారె మస్తుగ తెచ్చినవ్."

ఆ క్షణం నుంచి నా పేరు పాలమూరు. క్యాంపులో ఎవరికీ సొంత పేరు ఉండేది కాదు. బజారులోనో వైర్‌లెస్‌లోనో పేరు బయటపడితే ఇంటివాళ్ళకు ముప్పని, ఊరితోనో పనితోనో పిలుచుకునేవాళ్ళం. సెట్టు ముందు కూర్చునేవాడు వైర్‌లెస్. నా పక్క మంచం మనిషి సిరిసిల్ల.

ఆ సాయంత్రమే జమేదార్ నా ట్రంకు నులకమంచం మీద బోర్లించాడు. అద్దం, ఫోటో ఫ్రేము, స్టీలు గ్లాసు, రెండో దుప్పటి, ఇంకా ఏవేవో. అన్నీ పక్కకు తోశాడు. మిగిలింది ఒక వీపు సంచి నిండలేదు. జత బట్టలు, తువ్వాల, జత మేజోళ్ళు, ప్లాస్టిక్ పట్టా, అటుకులు, బెల్లం, ఉప్పు, నీళ్ళ సీసా. మిగతా బరువంతా నడుముకు కట్టుకునే తూటాలకు.

"నువ్వు మోసేది నిన్ను మొయ్యాలె. మొయ్యనిది గీన్నే ఉంటది" అన్నాడు.

తరువాత మడత నేర్పాడు. అంగీని బోర్లా పరవాలి. చేతులు రెండూ వెనక్కి వేయాలి. అంచులను లోపలికి తెచ్చి జానెడు వెడల్పు చేయాలి. కింద నుంచి మూడు మడతలు వేసి, చివరను కాలర్ కింద దోపాలి. అప్పుడు అది ఇటుకలా ఉంటుంది. విసిరినా ఊడదు. లాగుకూ తువ్వాలకూ అదే కొలత. అంగీ ఎడమకు, లాగు కుడికి, తువ్వాల పైన. క్యాంపులో ప్రతి సంచీ అలాగే ఉండేది. ఎవడి సంచిలో చెయ్యి పెట్టినా కళ్ళు మూసుకుని కావలసింది తీయగలగాలి. నాకు వారం పట్టింది. వచ్చేదాకా జమేదార్ నా మడతలు విప్పి నేల మీద పారేస్తూనే ఉన్నాడు.

సిరిసిల్ల నవ్వేవాడు. "మా నాయిన తానుల కొద్ది గుడ్డ నేసిండు గని గిట్ల గుడ్డకు గులాముగిరి సెయ్యలే."

వాళ్ళది నేత ఇల్లు. ముందు మగ్గాలు, తరువాత సాంచాలు. కరెంటు మీద నడిచే మగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. చిన్నప్పటి నుంచి ఆ శబ్దంలో పెరిగినందువల్ల కొంచెం గట్టిగా మాట్లాడేవాడు. ఎవడు కొత్త అంగీ తొడిగినా అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసేవాడు. "మూడు ఉతుకులకు జల్లెడైతది, జల్ది ఫోటో దిగు" అనేవాడు. అతని అంగీ మాత్రం సొంత సాంచా మీది గుడ్డ. లేత గోధుమ రంగు, దళసరి పోగు.

కూంబింగ్‌కు తెల్లవారకముందే బయలుదేరేవాళ్ళం. కథలాపూర్ వైపు గుట్టలు, వాటి మధ్య మొక్కజొన్న చేలు, ఎండిన వాగులు. రాళ్ళు పొద్దున పదికే కాలేవి. మాట ఉండేది కాదు, సైగలే. ఎవరూ కనపడేవారు కాదు. సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళం. చాలా రోజులు అంతే.

ఒక రోజు మాత్రం అలా కాదు. శ్రావణంలో, సన్నటి ముసురులో, ఒక గుట్ట దిగుతుంటే పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. మాకు పది నిమిషాలనిపించింది, వైర్‌లెస్ రెండు నిమిషాలే అన్నాడు. ఎవరికీ తగలలేదు. వాగులోకి దొర్లి బయటపడ్డాం. కానీ ఇద్దరి వీపు సంచులు గుట్ట మీదే ఉండిపోయాయి. మర్నాడు పోయి వెతికితే లేవు. తూటాలు లేని సంచులు కనుక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పోయినవి బట్టలూ అటుకులే అని జమేదార్ పైకి కబురు పంపాడు.

సెలవు మీద ఇంటికి పోవడం కూంబింగ్ కంటే కష్టం. తుపాకీ ఉండదు, తోడు ఉండదు, ఆర్టీసీ బస్సులో మామూలు మనిషిలా పోవాలి. అన్నలు బస్సులు ఆపి చూసేవాళ్ళు. అందుకని సెలవు మంజూరైన మనిషిని జమేదార్ వారాల ముందు నుంచే తయారు చేసేవాడు. క్షవరం బంద్. మీసం మార్చాలి. బూట్లలో ఉండి పాదాలు పాలిపోయి ఉంటాయి కనుక, డ్యూటీ లేనప్పుడు హవాయి చెప్పులతో ఎండలో తిరగాలి, పట్టీల గుర్తులు పడేదాకా. నిటారుగా నడవకూడదు. ఎవరైనా గట్టిగా పిలిస్తే మడమలు దగ్గరికి రాకూడదు. యూరియా సంచితో కుట్టిన చేతి సంచి ఒకటి క్యాంపులో ఉండేది. సెలవు మీద ఎవరు పోయినా దానితోనే పోయేవాడు.

బయలుదేరే పొద్దున ఆ సంచిని జమేదార్ స్వయంగా తనిఖీ చేసేవాడు.

వానలు తగ్గాక సిరిసిల్లకు బిడ్డ పుట్టింది. కబురు కోరుట్ల స్టేషన్ మీదుగా వచ్చింది. అప్పటికి అతను ఇంటికి పోయి తొమ్మిది నెలలు దాటింది. వాళ్ళ ఊరి మనిషి పోలీసులో ఉన్నాడని అక్కడ అందరికీ తెలుసు కనుక సెలవు అడిగిన ప్రతిసారీ ఆపారు. ఈసారి అతను జమేదార్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"సార్, శుక్రారం తొట్టెల. బిడ్డ మొఖం సూడలే. పొద్దున పోయి తొట్టెలల ఏసి, మల్ల శెనారం పొద్దుగాల్ల మీ ముంగట ఉంట."

జమేదార్ చాలాసేపు బీడీ కాల్చాడు. "పోతవ్. అయితే ఏం లేకుంట పోతవ్."

సిరిసిల్ల అప్పటికే పాడైన దోమతెర ఒకటి కత్తిరించి, అంచులు కుట్టి, బిడ్డ ఊయలకు సరిపోయేలా చిన్న తెర చేసి పెట్టుకున్నాడు. నేతగాడి కుట్టు, ఎక్కడా ముడి కనపడదు. తనిఖీలో మొదట బయటికి వచ్చింది అదే.

"గీ ఆకుపచ్చ బజార్ల అమ్ముతరారా?"

"ఇంట్ల ఎవలు సూస్తరు సార్?"

"ఇంటి దాంక పోవాలె గద ముందుగాల. కోరుట్లల తెల్లది కొనుక్కో."

తెర పక్కకు పోయింది. నంబరు కొట్టిన మగ్గు పోయింది. ఖాకీ మేజోళ్ళు పోయాయి. బనియన్ లోపలి వైపు సర్కారు ముద్ర ఉందని అదీ పోయింది. చివరకు మిగిలింది ఇంటి గుడ్డతో కుట్టిన అంగీ, ఒక లుంగీ, తువ్వాల. జమేదార్ వాటిని ఒక్కొక్కటి దులిపి, జేబులు తిరగేసి, కాలర్ లోపల వేలు పెట్టి చూశాడు. ఏమీ లేదు. మంచం మీద పెట్టి, మడిచి, తన చేత్తోనే సంచిలో సర్దాడు. అంగీ ఎడమకు, లుంగీ కుడికి, తువ్వాల పైన.

"ఏం పని జేస్తవ్?" అని హఠాత్తుగా గద్దించాడు.

"సాంచాల మీద కూలి, అన్నా" అన్నాడు సిరిసిల్ల, వీపు వంచి, చేతులు నలుపుకుంటూ. అందరం నవ్వాం. జమేదార్ కూడా.

కూరగాయల కోసం మామూలు బట్టల్లో బజారుకు పోయే వంతు ఆ రోజు నాది. కోరుట్ల దాకా ఇద్దరం ఒకే ఆటోలో, ఎరగనివాళ్ళలా పోయాం. అతను తెల్ల దోమతెర కొన్నాడు. వేళ్ళతో నలిపి, మొహం చిట్లించి, అయినా కొన్నాడు. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు ఎక్కబోతూ నా పక్క నుంచి పోయాడు.

"పాలమూరు, నీకేం దేవాలె?"

"ఏం వద్దు. సంచి బరువైతది."

నేను క్యాంపుకు వచ్చి వంకాయలు దింపాను. సెట్టు పలికినప్పుడు పదకొండు దాటింది.

"క్యాంపు, క్యాంపు, ఇనపడుతుందా? ఓవర్."

"ఇనపడుతుంది. చెప్పండి. ఓవర్."

"మీ దగ్గర్నుంచి లీవు మీద ఎవలన్న పోయిండ్రా? ఓవర్."

వైర్‌లెస్ జమేదార్ వైపు చూశాడు. జమేదార్ ఒక వేలు చూపించాడు.

"ఒకలు. ఓవర్."

అవతల కాసేపు గరగర. "బస్సును ఆపిండ్రు. కండక్టర్ స్టేషన్ల ఉన్నడు. జమేదార్‌ను రమ్మను. ఓవర్."

జీపులో నేనూ పోయాను. కండక్టర్ స్టేషన్ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టికెట్ల పెట్టె ఒడిలో ఉంది. యూరియా సంచి పక్కన ఉంది. నడివయసు మనిషి. ఏడవడం లేదు. అడిగినదానికి అడిగినంత చెప్పాడు.

గుట్టల మధ్య కల్వర్టు దగ్గర నలుగురు బస్సు ఆపారు. మగవాళ్ళందరినీ దింపారు. సిరిసిల్లను ఏం పని అని అడిగితే సాంచాలన్నాడు. ఒకడు నేత గురించి తిప్పితిప్పి అడిగాడు. అన్నిటికీ చెప్పాడు. కాళ్ళు చూశారు, తల చూశారు. చేతిలోని తెల్ల తెర ఏమిటని అడిగారు.

"తొట్టెలకన్నడు సార్. కొడుకా, బిడ్డనా అని అడిగిండ్రు. బిడ్డ అన్నడు. వాళ్ళల్ల ఒకాయన నవ్విండు గూడ. పోయి ఎక్కుమన్నడు. గీయిన ఎక్కబోయిండు."

"మల్ల?" అన్నాడు జమేదార్.

"ఇంకొకాయన సంచి సూడలేదని బస్సుల బోర్లిచ్చిండు సార్. అన్ని పడ్డయి. అంగి పడ్డది గని ఇప్పుకోలే. ఇటుక లెక్కనే పడ్డది. ఆయన దాన్ని లేపి మల్ల ఎత్తేసిండు. మల్ల గట్లనే పడ్డది." కండక్టర్ ఒడిలోని టికెట్ల పెట్టె సర్దుకున్నాడు. "మొన్న గుట్ట మీద దొరికిన సంచులల్ల గిట్లనే ఉండె గద అన్నడు సార్. అంతే. ఇంకేం అడుగలే."

"ఏమన్నడు మావోడు?"

"ఏమనలే. బస్సు పోనియ్యుమన్నరు. పోనిచ్చినం. ఎనుకకెల్లి రెండు సప్పుళ్ళు ఇనపడ్డయి."

జమేదార్ సంచి తీసుకున్నాడు. జీపులో అది అతని మోకాళ్ళ మీద ఉంది. డ్రైవర్ ఒకసారి గేరు సరిగా పడక తిట్టుకున్నాడు.

క్యాంపులో జమేదార్ సంచి తెరిచాడు. అంగీ బయటికి తీశాడు. చివరను కాలర్ కింద నుంచి లాగి, మూడు మడతలూ విప్పి, మంచం మీద బోర్లా పరిచాడు. ముడతలు చేత్తో సాపు చేశాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతని కుడిచెయ్యి అంగీ కుడి చేతిని వెనక్కి మడిచింది. అతను ఆ పని చేస్తున్నాడని అతనికి తెలియదు. ఎడమ చేతిని అందుకున్నాడు. అప్పుడు ఆగిపోయాడు. తన చేతులను చూసుకున్నాడు. లేచి బయటికి పోయి డబ్బాల తీగ దగ్గర నిలబడ్డాడు.

ఆ అంగీని ఎవరం ముట్టుకోలేదు. మర్నాడు సిరిసిల్ల వాళ్ళ నాయన వచ్చేదాకా ఆ మంచం మీద ఎవరం కూర్చోలేదు. ముసలాయన అంగీ అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు. "మా గుడ్డనే" అన్నాడు.

పత్రికలో నాలుగు లైన్లు వచ్చాయి. తరువాత చాలా ఏళ్ళకు నేను ఉద్యోగం వదిలి పత్రికలోనే చేరాను. అలాంటి నాలుగు లైన్లు నేనే ఎన్నో రాశాను. బస్సు, కల్వర్టు, ఊరు, వయసు. ఐదో లైనుకు చోటుండదు.

మరుసటి వేసవిలో నాకు బదిలీ వచ్చింది. ట్రంకు అక్కడే ఎవరికో ఇచ్చేశాను. పొద్దున జమేదార్ నా సంచి తనిఖీకి వచ్చాడు. లోపల అన్నీ వెతికాడు. ఏమీ దొరకలేదు. అప్పుడు బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, రెండు పిడికిళ్ళతో నలిపి, ముద్దలు చేసి, గడ్డి కుక్కినట్టు సంచిలో కుక్కాడు. ఆ ఏడాదంతా సెలవు మీద పోయే ప్రతివాడికీ అలాగే చేశాడు.

"ఇగ పో పాలమూరు" అన్నాడు.

బస్సును ఎవరూ ఆపలేదు. ఇంట్లో మా ఆవిడ సంచి విప్పి, "గిదేంది, బట్టలా గొంగడి ముద్దలా?" అంది. ఇప్పటికీ ఎక్కడికి పోయినా చిన్న సంచే తీసుకుపోతాను. బట్టలు కుక్కుతాను. నలిగిన చొక్కాతో పెళ్ళిళ్ళకు పోతానని ఇంట్లో నవ్వుతారు.

ఇస్త్రీ బట్టలు వచ్చిన రోజు మాత్రం ఆ గది నుంచి కాసేపు బయటికి పోతాను. వాటిని చూస్తే ఆ గోదాము, ఇటుకలు పేర్చిన కిటికీ, నులకమంచం కళ్ళ ముందుకు వస్తాయి. మంచం మీద లేత గోధుమ రంగు అంగీ బోర్లా పడి ఉంటుంది. ఒక చెయ్యి వెనక్కి మడిచి ఉంటుంది. రెండోది అలాగే చాపి ఉంటుంది.