రాజయ్య గెలిచిన పందెం

మా కూకట్‌పల్లిలో రాజయ్యంత మంచివాడు లేడంటారు. అంతటి అమాయకుడు లేడని నేనంటాను. ఒక్క బర్రె పాలు నాలుగిళ్లకు పోసి బతికేవాడు. ఆ బర్రె కూడా భార్య నీలమ్మ పుట్టింటివాళ్లు ఇచ్చిందే. దాన్ని రెండు చేయాలన్నదే ఆయన ఆశ.

డెబ్బై రెండులో, బోనాలు వెళ్లాక, మా ఊరి పొట్టేలుకూ జీడిమెట్ల పొట్టేలుకూ పందెం పెట్టారు. సొమ్ము పట్టేది వీరేశం. రెండు రుమాళ్లు పరిచి, ఏ పొట్టేలు మీద కాసిన డబ్బు దాని రుమాలులో వేసేవాడు. ఓడినవాళ్ల రుమాలును గెలిచినవాళ్లు పంచుకోవాలి. అంతకంటే ముందే రెండు కుప్పలూ కలిపి లెక్కేసి, వందకు ఐదు వీరేశం తీసేసుకుంటాడు. పొట్టేలు ఏది ఓడినా వీరేశం ఓడడు.

సొంత ఊరి పొట్టేలుకు ఎదురు కాయకూడదని మా కట్టుబాటు. కాస్తే ఊళ్లో తలెత్తుకోలేం. అందుకని ముసలీ ముతకా అంతా మా రుమాలులోనే వేశారు. ఆ కుప్ప చూసి రాజయ్య మురిసిపోయాడు.

"గింత సొమ్ము పడ్డదంటే గెలుపు మనదే. ఫికర్ లేదు," అన్నాడు నాతో.

"కుప్ప సంగతి ఇడిసిపెట్టు రాజన్నా, అవతలి రుమాలు జర జూడు," అన్నాను. అందులో పడ్డది గుప్పెడు. ఆయన వింటేగా. ఆ సాయంత్రమే బర్రెను ఒక పశువుల బేరగానికి ఆరు వందలకు అమ్మి, మొత్తం కాశాడు. రెండు బర్రెలు తెస్తానని నీలమ్మతో చెప్పాడు. దాని పాలు తాగే దుడ్డె మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మర్నాడు మా పొట్టేలే గెలిచింది. మూడు గుద్దులకే జీడిమెట్లది తల తిప్పుకుంది. డప్పులు మోగాయి. వీరేశం తన వాటా తీసుకున్నాక, మిగిలిన గుప్పెడును ఊరంతా పంచుకుంటే, రాజయ్యకు తన ఆరు వందల మీద ముప్పై వచ్చాయి.

బేరగాని దగ్గరికి పరుగెత్తాడు. బర్రెను పొద్దున్నే పట్నం నుంచి వచ్చిన ఎవరికో అమ్మేశానన్నాడు వాడు.

చేతిలో డబ్బుంది, ఇంకోటి కొనుక్కోమని మేమన్నాం. పరాయి బర్రె ఈ దుడ్డెను దగ్గరికి రానివ్వదని పాలు పిండే రాజయ్యకు ఒకరు చెప్పాలా? అది ఖాళీ గుంజ చుట్టూ తిరుగుతూ అరుస్తూనే ఉంది. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

నీలమ్మ ఖాళీ చెంబు పట్టుకుని గడపలో కూర్చుంది.

"గెలిచినవంట గద," అంది. "పో, దుడ్డెకు జెప్పిరా."